బూడిద సుంకం

మణికుంతల రాజ్యానికి ఉత్తరపు గోడ చందనగిరి. దాని ఏడు శిఖరాల మీద ఏనుగు తొండాల్లాంటి మంచిగంధపు మానులు, మానులను పెనవేసుకున్న తీగలు, తీగల నిండా పట్టపగలే చుక్కలు పొడిచినట్టు తెల్లటి పూలు. కొండ వైపు నుంచి గాలి తిరిగితే ఆరామడల అవతల రాజధానిలో అత్తరు బేరాలు ఆగిపోయేవి. ఆస్థానకవులు ఆ కొండ మీద పద్యాలు కట్టి కనకాభిషేకాలు చేయించుకున్నారు. వాళ్లలో ఒక్కడూ కొండెక్కి చూసిన పాపాన పోలేదు.

ఆ ఉదయం చందనగిరి మండుతోంది.

మంట మొదట రెండో శిఖరం నడుము మీద ఎర్రటి మొలతాడులా కనిపించింది. పొద్దు బారెడు ఎక్కేసరికి అది మొలతాడు కాదు, కొండ కట్టుకున్న చీరే అయింది. లేళ్లు, పందులు, చిరుతలు పాత పగలన్నీ మరిచి ఒకే దారిన పరుగెత్తాయి. వెదుళ్లు ఫిరంగుల్లా పేలాయి.

కొండ పాదాన అగ్గిమెట్ట అని నలభై గుడిసెల గూడెం. తాతల నాటి నుంచీ వాళ్ల పని అడవికి నిప్పంటుకుంటే ఆర్పడం. ఏ రాజూ వాళ్లను పిలిచి చెప్పలేదు, ఏ రాజూ జీతం ఇవ్వలేదు. అడవి పోతే తేనె, దుంప, నీడ పోతాయి గనక ఆర్పేవాళ్లు, అంతే. ఇంటికొక నేరేడు మండ, అంటే ఆకు దట్టంగా ఉన్న పచ్చికొమ్మ విరుచుకుని, దాని మొదట్లో తమ ఇంటి ముడి వేసిన నారతాడు కట్టి, ఆ మండతో మంటను బాది చంపుతారు. మంట చచ్చిన చోటే మండను పడుకోబెట్టి, "అలిసిపోయావు, నిద్రపో" అని చెప్పి ఇళ్లకు వస్తారు. అది వాళ్ల ఆచారం.

"కుడి పక్కకి రండిరా! ఎడం పక్కన రాయుంది, అదే ఆపుద్ది!" అని బండ మీద నిలబడి అరుస్తోంది నాగిరి. గూడెం పెద్ద దుగ్గయ్య తాతకు మనవరాలు. మొహమంతా మసి, ఆ మసిలో కళ్లు మాత్రం రెండు నిప్పు రవ్వలు.

గూడెంలోకెల్లా ఎత్తున పట్టిన తేనెతుట్టె కోసే మొగాడు మొగిలి. నలభై మూరల ఎత్తున తాడుకు వేలాడుతూ ఈలపాట పాడగలవాడు. ఆ సమయంలో అతనికి మంట కనపడలేదు. నాగిరి పక్కన మంట కొడుతున్న పరదేశి కనపడ్డాడు.

ఆ పరదేశి నాలుగు రోజుల కిందట వచ్చాడు. పసరు వైద్యుణ్ణన్నాడు, సోమిదత్తు నా పేరన్నాడు. నాగిరి వాకిట్లోనే దిగాడు. అరచేతులు చూస్తే వెన్నముద్దలు. ఇంతకాలం ఏ పసరు నూరాడో దేవుడికే తెలియాలి. పొద్దున్నే మంట లేచినప్పుడు అతనికి మండ లేకపోతే నాగిరే విరిచి ఇచ్చింది. ఇవ్వడం వరకు సరే, దాని మొదట్లో తన ఇంటి ముడి కట్టింది. ఆడపిల్ల తన ఇంటి ముడి పరాయి మగాడి మండకు కడితే దానర్థం ఏమిటో ఆ గూడెంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ఆ వైద్యుడొక్కడికే. ఆ ముడి కోసం మొగిలి మూడు వేసవులు కాచుకున్నాడు.

"నాగిరీ, గాలి మారింది! ఇలా బాదితే లాభం లేదు, ఎదురుమంట పెట్టాలి!" అన్నాడు మొగిలి.

"పెట్టు మరి! నన్నడుగుతావేందిరా?" అంది ఆమె ఇటు తిరక్కుండానే.

మొగిలి కొడవలి నోట కరుచుకుని గట్టు పైకి పాకాడు. మంట రాబోయే దారిలో ఎండుగడ్డికి తనే నిప్పు పెట్టాడు. ఆ పని చేసేవాడు గాలి ఊపిరి పీల్చే క్షణం కోసం కాచుకోవాలి. ఒక్క రెప్పపాటు ముందైతే తను బూడిద, వెనకైతే గూడెం బూడిద. మొగిలి సరిగ్గా పెట్టాడు. చిన్న మంట పెద్ద మంటకు ఎదురేగింది. రెండూ కొమ్ములు దిగేసి కుమ్ముకున్న దున్నల్లా ఒకదాన్నొకటి పొడుచుకుని, తినడానికి ఇంకేమీ మిగలక, ఉస్సురంటూ కూలబడ్డాయి.

సరిగ్గా అదే క్షణాన కింద పొగలో దుగ్గయ్య తాత తూలి పడ్డాడు. సోమిదత్తు ఒక్క దూకు దూకి ముసలాయన్ను భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. గూడెం గూడెమంతా గొల్లున కేక పెట్టింది. "ఏం మనిషమ్మా! పులిబిడ్డ!" అని ఆడవాళ్లు మెటికలు విరిచారు. గట్టు మీదకు ఒక్కరు చూస్తే ఒట్టు.

కనుబొమలు కాలిపోయి, కాళ్లు బొబ్బలెక్కి మొగిలి కిందికి దిగాడు.

"ఎదురుమంట నేను పెట్టాను" అన్నాడు.

"పెట్టావులే. ఆ సొరబుర్రతో కాసిని నీళ్లు పట్రా, వైద్యుడికి దాహమంట" అంది నాగిరి.

తెచ్చాడు. ఆ పరదేశి నీళ్లు తాగి, "చల్లగా ఉన్నాయి, సోదరా" అన్నాడు. ఆ 'సోదరా' మొగిలికి బొబ్బల కంటే ఎక్కువ మండింది.

దుగ్గయ్య తాత దగ్గుతూ లేచి కూర్చున్నాడు. "సంబరాలు చాలు. మండలన్నీ ఏరండి. ఒక్కటి కూడా మసిలో మిగలకూడదు. అన్నీ ఏట్లో పారెయ్యండి. మధ్యాన్నానికి భస్మాధ్యక్షుడు దిగబడతాడు."

అందరి మొహాలూ వాడిపోయాయి. అడవి తగలబడితే నష్టం ఎవరు కట్టాలో తేల్చడానికి ఆ రాజ్యంలో ఒక చట్టం ఉంది. మంట పెట్టినవాడు పారిపోతాడు, దొరకడు. ఆర్పినవాడు మండ వదిలి వెళ్తాడు, దొరుకుతాడు. కాబట్టి దొరికినవాడి దగ్గరే వసూలు చెయ్యి! దీని పేరు బూడిద సుంకం, వసూలు చేసేవాడు భస్మాధ్యక్షుడు. రాసినవాడికి జన్మలో ఒక్క నిప్పురవ్వ అంటుకున్నట్టు లేదు. పోయిన వేసవిలో ఆచారం ప్రకారం మండలు పడుకోబెట్టిన పాపానికి అగ్గిమెట్ట నుంచి తొమ్మండుగురు బొగ్గుకోటలో వెట్టికి పోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఇది చూసి కొండకు అవతలి గూడేలవాళ్లు ఆర్పడమే మానేశారు. చేతులు కట్టుకుని నిలబడి అడవి కాలడం చూస్తారు, ఏడుస్తారు, ఇంటికి పోతారు. అగ్గిమెట్టవాళ్లకు మాత్రం చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు.

మండలన్నీ ఏరారు. మొగిలి కూడా ఏరాడు. అతని చేతికి సోమిదత్తు మండ తగిలింది. మొదలు దగ్గర నాగిరి ముడి. దాన్ని చూడగానే మొగిలికి కళ్లు బైర్లు కమ్మాయి. ముడి కోసి, నోట్లో వేసుకుని, కసిగా నమిలి ఉమ్మేశాడు. పక్క పొద మీద ఆ వైద్యుడి కాషాయపు ఉత్తరీయం ఆరేసి ఉంది. దాని అంచులో ఒక పేలిక చర్రున చింపి మండకు కట్టాడు. కాలిన నేల అంచున దాన్ని పడుకోబెట్టాడు.

"అలిసిపోయావు, నిద్రపో" అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఎంత తేలిక! ఒకే ఒక్క మండ దొరుకుతుంది. దానికి గూడెం ముడి ఉండదు, పరదేశి గుడ్డ ఉంటుంది. పరదేశి పోతాడు, గూడెం మిగులుతుంది, నాగిరి మిగులుతుంది.

మధ్యాహ్నానికి కొమ్ములూ తప్పెట్లూ మోగాయి. నలభైమంది భటులు, ఎనిమిది జల్లెళ్లు, మూడు గొడుగులు, ఒక పల్లకీ. పల్లకీలోంచి ముందు బొజ్జ, దాని వెనక భస్మాధ్యక్షుడు కుంభిలుడు దిగారు. వెంట ఒక మాంత్రికుడు. పేరు ధూమ్రజటి. తలమీద జుట్టుకు బదులు నల్లటి పొగ పాయలు పాయలుగా సుళ్లు తిరుగుతోంది. చంకలో ఒక మట్టికుండ, మూతికి లక్కముద్ర. కుండలో ఏదో పిల్లి గీరినట్టు గీరుతోంది.

భటులు బూడిద జల్లెడ పట్టారు. "దొరికింది ప్రభో!" అని ఒకడు మండ పట్టుకొచ్చాడు.

కుంభిలుడు పేలికను గోటితో గీరాడు. కాషాయం రంగు రాలిపోయింది. లోపల బంగారు జరీ మెరిసింది. దాని మీద ముక్కు ముక్కు ఆనించిన జంట హంసలు. ఆ అంచు రాజకుటుంబానికి తప్ప మరెవరికీ నెయ్యరు. కుంభిలుడి పెదవులు పాలిపోయాయి. నెల కిందట మణికుంతల రెండో రాజకుమారుడు కువలయసేనుడు అంతఃపురం నుంచి మాయమయ్యాడు.

"నేనే, కుంభిలా!" అంటూ సోమిదత్తు ముందుకు వచ్చి మొహానికి పూసుకున్న పసరు తుడిచేసుకున్నాడు. వైద్యుడు పోయి రాజకుమారుడు నిలబడ్డాడు. "ఈ అడవులు ఎందుకు తగలబడుతున్నాయో చూడటానికి వచ్చాను. మంట ఆర్పాను. ఆ సుంకం నా పేర రాసుకో."

గూడెం నోరు తెరిచింది. మొగిలి వైద్యుడితోనే నెగ్గలేకపోయాడు, ఇక రాజకుమారుడితోనా!

కుంభిలుడు చప్పున తేరుకున్నాడు. అలాంటివాళ్లు తేరుకోకపోతే అన్నేళ్లు కొలువులో ఉండలేరు. "చిత్తం ప్రభూ, తమ పేర రాస్తే ఖజానా నుంచి తీసి ఖజానాలోనే వెయ్యాలి. దానికి మా పుస్తకంలో గడి లేదు. పరదేశిని ఇంట పెట్టుకున్నవాళ్లే అతని మండకు పూచీ, ఆ గడి ఉంది. ఎవరింట దిగారు తమరు?"

నాగిరే పలికింది. "మా ఇంట. అయితే?"

"అయితే చదవండి!"

లేఖకుడు చదివాడు. "గంధపు మానులు మూడు వేలు. రాజుగారి వేటకు ఉంచిన లేళ్లు నూట నలభై. అధ్యక్షులవారి పల్లకీ ప్రయాణం. కొండ మీద కవులు కట్టిన పద్యాలు ఇప్పుడు అబద్ధమయ్యాయి గనక వాటిని తిరగరాయించే ఖర్చు..."

"అయ్యా! మా తేనె తుట్టెలన్నీ కాలిపోయినయి, దుంపలు కుమిలిపోయినయి. అది ఎవరి లెక్కలో వేస్తారయ్యా?" అన్నాడు దుగ్గయ్య తాత.

"అడవి రాజుగారిది. తేనె అడవిది. కాబట్టి పోయింది రాజుగారి తేనె. బాగా గుర్తుచేశావు ముసలోడా. ఏయ్, అది కూడా రాయి!"

మొత్తం పన్నెండు వేల వరహాలు. కట్టలేకపోతే పన్నెండుమంది, ఏడేళ్లు, బొగ్గుకోట. మొదటి పేరు నాగిరి. ఇద్దరు భటులు ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు.

మొగిలి కాళ్లు నేలలో పాతినట్టు నిలబడిపోయాడు. తను తవ్విన గోతిలో ఎవరు పడ్డారో చూస్తున్నాడు. నోరు తెరవాలి. తెరిస్తే నాగిరికి తెలిసిపోతుంది. తెరవలేదు.

ఈలోగా రాజకుమారుడు భటుల మీదికి దూకాడు. "ఆమెను వదలండి! ఆమెకు బదులు నన్ను కట్టండి!"

నాగిరి తలెత్తి రాజకుమారుడి వైపు చూసింది. మొగిలి మూడు వేసవులుగా తేనెలోని గడ్డ భాగమంతా తీసి ఆమె గడపలో పెట్టాడు. ఇలాంటి చూపు ఒక్కటి కూడా అతని వాటాకు రాలేదు. ఆ చూపు చూశాక అతని ఒళ్లు భగ్గుమంది. నిజాయితీ కాదు, త్యాగం కాదు, ఒట్టి కుళ్లు అతన్ని మెడపట్టి ముందుకు తోసింది.

"ఆ మండ వేసింది ఆయన కాదు, నేను!" అని అరిచాడు. "అంచు చింపింది నేను, కట్టింది నేను! అసలు మంట ఆర్పింది కూడా నేనే! ఆయన ముసలాణ్ణి మోశాడు, అంతే! ఎదురుమంట పెట్టిందెవరో గట్టెక్కి చూసుకోండి!"

"కాదు, సుంకం నాది!" అన్నాడు రాజకుమారుడు.

"నాదంటే నాది! నిన్నెవడు మధ్యలో దూరమన్నాడు?"

"నా మండ అది!"

"నీ మండేంది, విరవడం చేతనైందా నీకు? ఆ పిల్ల విరిచి చేతికిచ్చింది!"

కుంభిలుడు నోరు వెళ్లబెట్టాడు. ఇరవై ఏళ్ల కొలువులో సుంకం నాదంటే నాదని ఇద్దరు కొట్టుకోవడం అతను చూడలేదు. భటుల్లో ఒకడు నవ్వాపుకోలేక జల్లెడ అడ్డం పెట్టుకున్నాడు.

నాగిరి భటుల పట్టు విదిలించుకుని వచ్చింది. మొగిలి ఎదుట నిలబడింది.

"నువ్వా చింపింది?"

"నేనే."

"ఎందుకు?"

"ఆయన మండకు నీ ముడి ఎందుకు కట్టావు?"

ఫెళ్లుమని చెంప పగిలింది. "ఒరే గాడిదా! ఆ ముడి లేకపోతే మనోళ్లే ఆ పొగలో ఆయన్ను మంట పెట్టినోడనుకుని చావబాదుతారు! అందుకు కట్టాను! నన్నడిగి చావొచ్చుగా?"

మొగిలికి చెవిలో తుమ్మెదలు మోగాయి. చెంప మంటగా ఉంది, ఆ మాట హాయిగా ఉంది. కానీ ఆమె మరుక్షణమే రాజకుమారుడి వైపు తిరిగి, "మీకేమైనా తగిలిందా బాబూ?" అంది. హాయి కాస్తా పోయింది.

ధూమ్రజటి కుంభిలుడి చెవి దగ్గర వంగాడు. "ఇతను రాజధానికి తిరిగి వెళ్తే నీ తల ఉండదు, నా జడ ఉండదు."

"నిజమే," అన్నాడు కుంభిలుడు గట్టిగా. "రాజకుమారుడు ఇక్కడికి రానే లేదు. జరీ దొంగిలించిన వేషగాడొకడు వచ్చాడు. ఇద్దరికీ ఒకే గొలుసు వెయ్యండి! పన్నెండు పేర్లలో రెండు తీరాయి. మిగిలిన పదిమందిని నాలుగు రోజుల్లో, పున్నమి నాడు వచ్చి తీసుకుపోతాను. మొదటి పేరు ఈ పిల్లదే. పారిపోతే గూడెం ఉండదు."

భటులు రాజకుమారుడి కుడికాలికీ మొగిలి ఎడమకాలికీ కలిపి రెండు మూరల గొలుసు బిగించారు. ఆ మనిషిని నాగిరి కళ్ల ముందు నుంచి దూరం చెయ్యాలనుకున్నాడు మొగిలి. చేశాడు. తన కాలికే కట్టించుకున్నాడు.

ధూమ్రజటి జడ విదిలించాడు. కాలిన కొండ మీద ఇంకా లేస్తున్న పొగంతా సుడి తిరిగి ఒకచోట కుప్ప పడింది. ఆ కుప్పకు నాలుగు కాళ్లు వచ్చాయి, చేటల్లాంటి చెవులు వచ్చాయి, తొండం వచ్చింది. కళ్లున్న చోట రెండు ఎర్రటి కణికలు వెలిగాయి. ఆ పొగ ఏనుగు తొండం చాపి బందీలిద్దర్నీ ఎత్తి వీపు మీద వేసుకుంది. మాంత్రికుడు కుంభస్థలం మీద కూర్చుని "బొగ్గుకోటకు!" అన్నాడు. ఏనుగు ఆకాశంలోకి అడుగు వేసింది. గూడెం గవ్వంతైంది, గింజంతైంది.

"సోదరా," అన్నాడు రాజకుమారుడు కాసేపటికి, "ఆమె నీకేమవుతుంది?"

"ఇంకా ఏమీ కాదు. నీకేమవుతుంది?"

"అన్నం పెట్టింది."

"నాకు చెంపదెబ్బ పెట్టింది. ఏది గొప్ప?"

రాజకుమారుడు ఆలోచనలో పడ్డాడు. ఆ తటపటాయింపు మొగిలికి కొంచెం సంతృప్తినిచ్చింది.

ఏనుగు గంధవతీ నది మీదుగా కిందికి వాలి నడిచింది. ఒడ్డున వరసగా బండ్లు. వందకు తక్కువ లేవు. ప్రతి బండి నిండా ఖాళీ బొగ్గు గంపలు.

"కాలిన గంధాన్ని మోసుకెళ్లడానికి వచ్చాయి," అన్నాడు రాజకుమారుడు. "మా భాండాగారం నుంచి కుంభిలుడి బావమరిది కాలిన కలప పావు ధరకు కొంటున్నాడని విన్నాను. ఎంత త్వరగా వచ్చారో చూడు!"

"త్వరగా రాలేదు. ముందే వచ్చారు," అన్నాడు మొగిలి. "గట్టు చూడు. ఎద్దులు మేసి మేసి బోడిగుండు చేశాయి. అది ఒక్కపూట మేత కాదు. మూడు రోజుల నుంచి ఇక్కడ కాచుక్కూర్చున్నారు. మంట లేచింది ఇవాళ పొద్దున."

రాజకుమారుడు అతని వైపు కొత్తగా చూశాడు. "నెల రోజులుగా వెతుకుతున్నాను. ఇది నాకు తట్టలేదు."

"మీ ఇంట్లో ఎద్దుల్ని ఎవరో కాస్తారు కదా, ఎలా తడుతుంది?"

ముందు కూర్చున్న ధూమ్రజటి పకపక నవ్వాడు. "తెలివైనవాళ్లే! తెలిసి ఏం చేస్తారు? పదేళ్లు నేను ఈ రాజ్యానికి వానలు కురిపించాను. హోమాలు చేసి ఎముకలు అరగదీసుకున్నాను. వాన పడగానే ఈ గూడేలవాళ్లు అడివితల్లికి కోడిని కోశారు, రాజు కవులకు కడియాలు తొడిగాడు. నాకు ఎవడూ గోచిగుడ్డ ఇవ్వలేదు. ఒక్క మంట పెట్టాను, సంచెడు వరహాలు వచ్చాయి! వానకు ధర లేని రాజ్యంలో మంటే పెడతాను!" అతని గొంతులో ఏళ్ల తరబడి కుళ్లిన అసూయ పొగలు కక్కింది. "అదిగో మూడో శిఖరం. వరస ప్రకారం దాని వంతు."

అతను చంకలోని కుండకు లక్క ఊడదీశాడు. మూత సందులోంచి ఒక చిన్న ఎర్రటి మొహం బయటికి పొడుచుకొచ్చింది. తల మీద కొరివి, మొహమంతా నోరు. అది కొరివిదయ్యం.

"ఆకలి," అంది అది. "నిన్న చెప్పావు రెండో కొండ తినమని. తిన్నాను. ఇప్పుడు?"

రాజకుమారుడు మొగిలి చెవిలో గొణిగాడు. "ఆ కుండ నాన్నగారి ముందు పెడితే చాలు. దయ్యానికి అబద్ధం చెప్పే తెలివి ఉండదు. ఎవరు పెట్టించారో అదే చెబుతుంది. నాన్నగారికి ఇదేమీ తెలియదు."

"తెలీదా, తెలుసుకోలేదా?"

రాజకుమారుడు తల దించుకున్నాడు. మొగిలికి ఆ మనిషి మీద మొదటిసారిగా కాస్త జాలి కలిగింది. అది తనకే నచ్చలేదు.

"కింద ఏరుంది. కుండ లాక్కుని దూకుదాం," అన్నాడు మొగిలి. "కుండలో నీళ్లు పడితే దయ్యం చస్తుంది. అది చస్తే నాగిరి బొగ్గుకోటకు, వెనక తొమ్మండుగురు. అర్థమైందా?"

"అర్థమైంది. ఒక సంగతి. నాకు ఈత రాదు."

"ఏందీ?"

"అంతఃపురంలో కొలను మోకాలి లోతే."

తిట్టడానికి వ్యవధి లేదు. మాంత్రికుడు మూత తీయబోతున్నాడు. మొగిలి ఎగిరి అతని మణికట్టు కరిచాడు. ధూమ్రజటి కీచుమన్నాడు. రాజకుమారుడు కుండ పెరుక్కుని మూత మీద అరచెయ్యి అదిమాడు. మాంత్రికుడి జడలోంచి పొగ పాములు లేచి ఇద్దరి మెడలూ చుట్టుకున్నాయి. మొగిలి కళ్లు మూసుకుని ఏనుగు వీపు మీద నుంచి అవతలికి దొర్లాడు. గొలుసు బిగుసుకుంది. రాజకుమారుడు కూడా దొర్లాడు. కిందికి పడుతున్న ఆ ఇద్దరి వెంట ఏనుగు కడుపు చీలి పొగ పేగుల్లా వేలాడింది.

నది చెంపలు వాయగొట్టినట్టు తగిలింది.

మొగిలి మునిగి, తేలి, ఊపిరి పీల్చాడు. గొలుసు కాలిని కిందికి లాగుతోంది. వెనక్కి తిరిగి చూస్తే రాజకుమారుడి తల లేదు. భుజాలు లేవు. నీళ్ల మీద రెండు చేతులు మాత్రం మోచేతుల దాకా నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆ చేతుల్లో కుండ ఉంది. వెన్నముద్దల్లాంటి అరచేతులు నిప్పుకుండ వేడికి బొబ్బలెక్కుతున్నాయి. ఆ చేతులు గొలుసును వెతకడం లేదు, మొగిలిని పట్టుకోవడం లేదు, నీళ్లను కొట్టడం లేదు. కుండ మీద ఒక్క చుక్క పడకుండా పట్టుకుని ఉన్నాయి. కింద మనిషి మునిగిపోతున్నాడు.

"ఒరేయ్ పిచ్చోడా!" అని మొగిలి గావుకేక పెట్టాడు.

ఏడుపొచ్చినంత కోపం వచ్చింది అతనికి. చచ్చేటప్పుడు కూడా వీడు తనకంటే ఒక మెట్టు పైనే ఉండాలా! ఇది నాగిరికి తెలిస్తే జన్మంతా వీడి పేరే చెప్పుకుంటుంది. చస్తే మరీ చెప్పుకుంటుంది. చావనివ్వకూడదు. అతను మునిగి రాజకుమారుడి జుట్టు దొరకబుచ్చుకుని పైకి ఈడ్చాడు. ఒక చేత్తో జుట్టు, ఒక చేత్తో నీళ్లు, కాళ్లతో గొలుసు బరువు. ప్రవాహం రెండుసార్లు వెనక్కి లాగింది. మూడోసారి మడమకు ఇసుక తగిలింది.

ఇద్దరూ ఇసుకలో బోర్లా పడి నీళ్లు కక్కారు. కుండ పక్కనే ఉంది. లోపలి నుంచి "ఆకలి" అని సన్నగా వినపడింది. బతికే ఉంది!

రాజకుమారుడు వణుకుతూ మొగిలి భుజం మీద చెయ్యి వేశాడు. అరచేతి తోలు ఊడి వేలాడుతోంది. "నన్ను వదిలేసి కుండ తీసుకుని పోవలసింది. ఎందుకు లాగావు?"

"నా కాలికి కట్టున్నావు గనక."

అప్పుడు వాళ్ల మీద నీడలు పడ్డాయి. ఇసుకతిన్నె చుట్టూ బొగ్గు బండ్లవాళ్లు నిలబడి ఉన్నారు. పదీ ఇరవై కాదు, అరవైమంది. మసి మొహాలు, చేతుల్లో నిప్పుగడ్డలు తిప్పే ఇనుప బరిసెలు, కొనలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఆకాశంలో చీలిన పొగ మళ్లీ పోగవుతోంది. ధూమ్రజటి గొంతు ఉరిమింది. "కుండ తెచ్చినవాడికి వంద వరహాలు!"

మొగిలి కుండను కడుపులో దాచుకుని లేచి నిలబడ్డాడు. రాజకుమారుడు కూడా లేచి అతని వీపుకు వీపు ఆనించాడు. బరిసెలు వంగాయి, వలయం బిగిసింది.

"ఏయ్ రాజా!" అన్నాడు మొగిలి, ఎదురుగా వస్తున్న మొదటి బరిసె మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఏమిటి?"

"నీళ్లలో నువ్వు చేసిన పని నాగిరికి నువ్వు చెప్పకూడదు."

"చెప్పను."

"నేనే చెబుతాను. కొంచెం తగ్గించి."